సరదాగా బతికిన అమ్మ జీవితాన్ని కాగితం మీద పెట్టడం ఎలా?

ఇంటిల్లిపాదినీ నవ్వించిన అమ్మ కన్నుమూసినప్పుడు, ఆమె పేరుతో పత్రికలో వేయించే శ్రద్ధాంజలి ప్రకటనలోనూ పెద్దకర్మ నాడు పంచే చిన్న పుస్తకంలోనూ ఆమె జాడే కనిపించకపోవడం మన కుటుంబాల్లో తరచుగా జరుగుతున్నది. ‘మమతామూర్తి’, ‘ప్రేమానురాగాల పెన్నిధి’, ‘అజాతశత్రువు’ అన్నవి ఏ తల్లికైనా సరిపోయే మాటలు కాబట్టి ఏ ఒక్క తల్లినీ మన ఎదుట నిలపలేవు. అష్టాచెమ్మాలో పదేళ్ళ మనవడితో పంతానికి దిగిన మనిషి, పెళ్ళి విడిదింట్లో వియ్యపురాలి మీద అప్పటికప్పుడు పాట అల్లిన మనిషి, వంటింట్లోంచే వీధి అరుగు మీదివారికి జవాబు విసిరిన మనిషి ఆ పొగడ్తల కింద కనుమరుగవుతుంది. నవ్వించినవారిని నవ్వు లేకుండా తలుచుకోవడం వారికి అన్యాయం చేయడమేనని నా నమ్మకం. ఆమె పిల్లలూ మనవలూ కలిసి ఒక సంస్మరణ పుస్తకాన్నో, సభలో చదవడానికి అయిదు నిమిషాల వ్యాసాన్నో ఎలా కూర్చుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ఎవరిని అడగాలి

సరదా మనిషి సరదా అంతా ఒక్కరి దగ్గర దొరకదు. మన బంధుత్వాలలో ఎవరితో ఎంతవరకు పరాచికమాడవచ్చో ఒక లెక్క ఉంది. వదినా మరదళ్ళు, బావా మరదళ్ళు, వియ్యపురాళ్ళు ఒకరినొకరు మేలమాడుకోవడం మర్యాదలో భాగమే. అదే మాట మామగారి ముందు అంటే తప్పు. కన్నపిల్లల ముందైతే చాలామంది తల్లులు నోటి దాకా వచ్చినది కూడా మింగేస్తారు. అందువల్ల ఆమె గడుసు మాటల్లో చాలా భాగం ఆమె కడుపున పుట్టినవారు ఎన్నడూ విని ఉండరు. కొడుకులకూ కూతుళ్ళకూ గుర్తున్నది ఎక్కాలు అప్పజెప్పేదాకా అన్నం పెట్టని అమ్మ. మనవలకు గుర్తున్నది పుస్తకాలు మూయించి పేకముక్కలు పంచిన అమ్మమ్మ. ఈ రెండూ నిజమే. పిల్లలు మాత్రమే రాస్తే మొదటిది మిగులుతుంది, మనవలు మాత్రమే రాస్తే రెండోది మిగులుతుంది. కాబట్టి పని మొదలుపెట్టేటప్పుడు ఒక కాగితం మీద పేర్లు కాకుండా వరసలు రాసుకోండి: ఆమెను అక్కా అని పిలిచినవారు, వదినా అన్నవారు, పిన్నీ అన్నవారు, అత్తా అన్నవారు, అమ్మమ్మా, నాయనమ్మా లేదా బాపమ్మా అన్నవారు. ఒక్కో వరసలో కనీసం ఒక్కరినైనా అడగకుండా రాయడానికి కూర్చోవద్దు.

వీరిలో ఆడపడుచులూ తోడికోడళ్ళూ అన్నిటికన్నా విలువైన సాక్షులు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిగా ఆమె ఎలా ఉండేదో దగ్గరగా చూసినవారు వారే. పెద్దల కళ్ళు కప్పి మధ్యాహ్నం ఆటకు సినిమాకు వెళ్ళిన కథ, మామగారి నడకను అనుకరించి పట్టుబడిన కథ, అట్లతద్ది నాడు తెల్లవారుజామున లేచి అందరికన్నా ఎత్తుకు ఉయ్యాల ఊగిన కథ వారి దగ్గరే ఉంటాయి. వయసులో ఆమెకన్నా పెద్దవారైన అక్కలూ అన్నలూ చిన్ననాటి స్నేహితురాళ్ళూ ఉంటే, వారి దగ్గరికి అందరికన్నా ముందుగా వెళ్ళండి. ఈ విషయంలో వాయిదా వేయడం తగదు. వారి తర్వాత వియ్యపురాళ్ళను అడగండి.

ఇంటి బయటివారిని మరిచిపోవడం కూడా మామూలే. ఇంట్లో పని చేసినామె, పాలు పోసినామె, జాకెట్లు కుట్టిన దర్జీ, పక్కవాటాలో అద్దెకున్న కుటుంబం ఆమెను రోజూ చూశారు, కానీ పొగడవలసిన బాధ్యత వారికి లేదు. అందుచేత వారు చెప్పే మాటల్లో ఆమె ఉన్నదున్నట్లు కనిపిస్తుంది.

విదేశాల్లో పెరిగిన మనవలను కూడా తప్పకుండా అడగాలి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పుట్టిన పిల్లలకు నాయనమ్మ అంటే వీసా మీద వచ్చి కొన్ని నెలలు తమ గదిలో పడుకున్న మనిషి. భాష సగమే కలిసినా ఆటలు పూర్తిగా కలిసిన మనిషి. వారిని తెలుగులోనే చెప్పమని బలవంతపెట్టవద్దు. ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పనిచ్చి రికార్డు చేయండి. తర్వాత ఇంట్లో ఎవరో ఒకరు తెలుగులో రాయవచ్చు. అయితే ఆమె అన్న తెలుగు మాటలను ఆ పిల్లలు ఎలా పలికారో అలాగే ఉంచండి.

ఎప్పుడు, ఎలా అడగాలి

హిందూ కుటుంబాల్లో చిన్నకర్మ నుంచి పెద్దకర్మ దాకా ఇంట్లో బంధువులు ఉంటారు. ఆచారాన్ని బట్టి పదకొండు నుంచి పదమూడు రోజుల దాకా ఈ రాకపోకలు సాగుతాయి. క్రైస్తవ కుటుంబాల్లో ఆదరణ కూడికలకూ, అనేక ముస్లిం కుటుంబాల్లో నలభయ్యో రోజుకూ ఇలాగే అందరూ చేరతారు. పగలంతా పరామర్శలతో గడిచి, రాత్రి భోజనాలయ్యాక హాల్లో చాపలు పరుచుకున్న వేళ ఎవరో ఒకరు ‘ఒకసారి ఏమైందో తెలుసా’ అని మొదలుపెడతారు. కాసేపటికి అందరూ నవ్వుతుంటారు. అంతలో ఎవరో పెద్దవారు ఇది నవ్వే సమయమా అని మందలిస్తారు. ఆ మందలింపుకు జంకవలసిన పని లేదు. ఆ నవ్వు ఆమె ఆ ఇంట్లో మిగిల్చి వెళ్ళినదే. పక్కన ఉన్న ఫోనులో రికార్డరును నొక్కి, రికార్డు చేస్తున్నామని అందరికీ చెప్పి, నేల మీద పెట్టండి. ఆ రాత్రుల్లో ఒకరు మరిచిన ముక్కను మరొకరు అందిస్తారు. నెల తర్వాత విడివిడిగా ఫోన్ చేసి అడిగితే ఆ కథల్లో సగమైనా తిరిగి దొరకడం కష్టం.

ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత నిండుగా వస్తుంది. ‘అత్తయ్య ఎలాంటి మనిషి?’ అని అడిగితే ‘చాలా మంచిది’ అనే వస్తుంది. ‘అత్తయ్యకు కోపం వస్తే ఏమని తిట్టేది?’, ‘ఆటలో ఓడిపోతే ఒప్పుకునేదా?’, ‘ఎవరికి ఏ పేరు పెట్టింది?’, ‘ఏ సినిమాకు పదే పదే వెళ్ళింది, ఎవరితో వెళ్ళింది?’, ‘ఏ మాట మొదలుపెడితే నవ్వు ఆపుకోలేక పూర్తి చేయలేకపోయేది?’ అని అడగండి. ఆమె పెట్టిన ముద్దుపేర్ల జాబితా ఒక్కటే రెండు పేజీలు వస్తుంది, ఒక్కో పేరు వెనక ఒక కథ ఉంటుంది. ఒకే సంఘటనను ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఎవరిది సరైనదో తేల్చవలసిన అవసరం లేదు. ఇద్దరి మాటా రాయండి. వారి వాదన కూడా ఆమెకు నచ్చేదే.

సంవత్సరాలు పట్టుకోవడం

కథలు దొరికాక కాలం కుదర్చాలి. ఆ తరం స్త్రీలలో చాలామందికి బడి రికార్డులో ఉన్న పుట్టిన తేదీ చేర్పించినప్పుడు లెక్క కోసం రాయించినదే తప్ప అసలుది కాదు. జూన్ 1, జులై 1 అని కనబడితే అనుమానించాలి. ఇంట్లో పెద్దవారికి తెలుగు సంవత్సరం పేరు, మాసం, తిథి గుర్తుండవచ్చు. అరవై ఏళ్ళకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి నందన నామ సంవత్సరంలో పుట్టిందంటే 1952–53 అనీ, అదే పేరు మళ్ళీ 2012–13లో వచ్చిందనీ తేల్చుకోవచ్చు.

మిగిలిన సంఘటనలకు అందరికీ తెలిసిన గుర్తులను ఆసరా చేసుకోండి. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లోనూ, కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లోనూ వచ్చాయి. ‘పుష్కరాలకు వెళ్ళినప్పుడు చిన్నోడు ఇంకా నడవడం లేదు’ అన్న ఒక్క మాటతో సంవత్సరం దొరుకుతుంది. కోస్తావారికి 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, గోదావరి లంకలవారికి 1986 ఆగస్టు వరద మరపురాని గుర్తులు. స్కైలాబ్ మీద పడుతుందని ఊళ్ళకు ఊళ్ళు హడలిపోయి, ఎలాగూ పోతామని కోళ్ళనూ మేకలనూ కోసుకు తిన్నది 1979 జులైలో. సరదా మనుషుల కథలు ఆ రోజుల చుట్టూ చాలా ఉంటాయి కాబట్టి దాని గురించి ప్రత్యేకంగా అడగండి. 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణానికి తలుపులు బిగించుకుని కూర్చున్న ఇళ్ళలో, అందరూ వద్దన్నా కిటికీ సందులోంచి తొంగిచూసినది ఎవరో కూడా అడగండి.

గొంతు, బొమ్మలు, ఫోను

ఆమె గొంతునూ ఫొటోలనూ భద్రపరచడం త్వరగా చేయవలసిన పని. ఆమె వాడిన ప్రీపెయిడ్ నంబరుకు రీఛార్జి ఆపేస్తే, కొన్ని నెలల వాడకం లేని తర్వాత కంపెనీ దానిని రద్దు చేసి మరొకరికి కేటాయించవచ్చు. వాట్సాప్ ఖాతా కూడా సుమారు 120 రోజులు వాడకపోతే తొలగిపోతుంది. ఆలోపు ఆమె ఫోనులోని ఫొటోలనూ వీడియోలనూ వేరేచోట దాచండి. ఆమె పంపిన వాయిస్ మెసేజ్‌లు మీ ఫోనుల్లో కూడా ఉంటాయి. వాటిని ఒకరికొకరు ఫార్వర్డ్ చేసుకుంటే అసలు తేదీ పోతుంది కాబట్టి, ఎవరికి వారు ఆ చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, ఒకరి దగ్గర చేర్చండి. ‘ఏం తిన్నార్రా’ అన్న పది సెకన్ల సందేశం కూడా తీసేయవద్దు. ఆమె నవ్వు ఎక్కడ ఉందో వెతికి, ఆ నిమిషం, సెకను రాసిపెట్టుకోండి.

పాత క్యాసెట్లు దొరికితే వెంటనే ప్లేయరులో వేయకండి. టేపు మీద తెల్లని బూజు ఉంటే అది ప్లేయరును పాడుచేస్తుంది, టేపూ తెగుతుంది. దానిని పని తెలిసినవారికి ఇవ్వండి. శుభ్రంగా ఉన్నదాన్ని వెనక ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ చెవులూ విరిచాకే వేస్తే పొరపాటున దాని మీద మళ్ళీ రికార్డు కాదు. పెళ్ళి వీడియో క్యాసెట్లలో తలంబ్రాల ఘట్టం కన్నా, భోజనాల పంక్తులను తీసిన భాగాన్ని నింపాదిగా చూడండి. కెమెరా తన వైపు తిరిగిందని గమనించని క్షణాల్లోనే ఆమె అసలు ధోరణి కనబడుతుంది.

ఫొటోల విషయంలో పాస్‌పోర్టు సైజు బొమ్మను పెద్దది చేయించి, పూలదండ వేసి, అదే పుస్తకం అట్ట మీద ముద్రించడం అలవాటైపోయింది. ఆ రోజుల్లో స్టూడియోలో నవ్వవద్దనేవారు. ఆమె ఆ బొమ్మలో తనలా ఉండదు. ఎవరితోనో మాట్లాడుతూ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ కాస్త మసకగా ఉన్న ఫొటో దొరికినా అట్టకు అదే మేలు. జిగురు పేజీల ఆల్బములకు అతుక్కున్న ఫొటోలను లాగకుండా ఉన్నచోటనే స్కాన్ చేయండి. స్కానింగులో స్పష్టతను తెలిపే డీపీఐ అంకె 600 ఉంటే చిన్న ఫొటోను పెద్దగా ముద్రించుకోవచ్చు. ఎవరెవరు ఉన్నారో వెనక మెత్తని పెన్సిలుతో రాయండి, పెన్ను వాడవద్దు. లామినేషన్ చేయించవద్దు.

ఆటలూ పాటలూ

సరదా మనిషి జీవితంలో ఇవి పక్క విషయాలు కావు. ఉద్యోగం చేసిన తండ్రి గురించి రాసేటప్పుడు ఆయన పదవులు రాస్తాం. ఆమె గురించి రాసేటప్పుడు ఆమె ఆడిన ఆటలను అంత శ్రద్ధగానూ రాయాలి. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా అన్నది అందరికీ తెలిసినదే. కానీ కాయను ఎప్పుడు చంపవచ్చు, పండించడానికి ముందు ఎవరినైనా చంపి తీరాలా అన్నవి ఇంటింటికీ మారతాయి. వామనగుంటల పీటలో పద్నాలుగు గుంటలు ఎక్కడైనా ఉంటాయి, కానీ గుంటకు ఎన్ని చింతపిక్కలు వేయాలన్నది మీ ఇంటి పద్ధతి. పులిజూదంలో మూడు పులులూ పదిహేను మేకలూ అందరికీ సమానమే, కానీ ఆమె ఎప్పుడూ పులులే కావాలనేదా, మేకలతో గెలిచి చూపించేదా? ఆమె ఇంట్లో నడిచిన నియమాలను, ఆమె చేసిన తొండితో సహా, బొమ్మ గీసి రాయండి. ఆ పేజీ చూసి మునిమనవలు అదే ఆట అదే విధంగా ఆడుకోగలుగుతారు. సంస్మరణ పుస్తకంలో నాకు అత్యంత ఇష్టమైన పేజీ అదే.

పాటల విషయంలో పదాలు రాసుకోవడం చాలదు. వియ్యాలవారి మీద పాడే పాటలు, తలుపు దగ్గర పేర్లు చెప్పించే పాటలు, బంతులాట పాటలు, తెలంగాణ ఇళ్ళలో బతుకమ్మ చుట్టూ తిరుగుతూ కలిపే చరణాలు రాగంతోనే బతుకుతాయి. ఆమెతో కలిసి వంత పాడినవారిని కూర్చోబెట్టి పాడించి రికార్డు చేయండి. వారికి ముందు పదాలు గుర్తురాకపోయినా రెండుసార్లు రాగం తీశాక పదాలు వాటంతటవే వస్తాయి. ఆమె పాటల పుస్తకం, ముగ్గుల పుస్తకం, పాలవాడి పద్దులు రాసుకున్న పాత డైరీ దొరికితే ఒక్కో పేజీని ఫొటో తీయండి. పద్దుల మధ్య ఆమె రాసుకున్న పొడుపుకథో, ఎవరి మీదో విసురో కనబడవచ్చు.

రాసేటప్పుడు

‘అమ్మమ్మ చాలా సరదా మనిషి’ అన్న వాక్యాన్ని ఎక్కడా రాయనని ముందుగా ఒట్టు పెట్టుకోండి. ఆ వాక్యానికి బదులు ఇలా రాయండి: ‘పేకాటలో ఓడిపోతున్నప్పుడు అమ్మమ్మ రెండు ముక్కలు కుచ్చెళ్ళ కింద దాచేది, పట్టుకుంటే, అవి నిన్నటి ఆటవిరా అనేది.’ ఇది చదివినవారు ఆమె సరదా మనిషి అని తామే అనుకుంటారు. హాస్య సంఘటన రాసేటప్పుడు ఎక్కడ, ఎవరెవరు ఉండగా జరిగిందో ముందు రెండు వాక్యాల్లో చెప్పి, ఆమె మాటతో పేరా ముగించండి. ఆ తర్వాత ‘అందరం పడీ పడీ నవ్వాము’ అని కలిపితే చదివేవారి నవ్వు ఆగిపోతుంది.

మీ కథనం ఏ భాషలో ఉన్నా ఆమె మాటలను ఆమె యాసలోనే ఉంచండి. ఆమె ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని దిద్దవద్దు. ‘ఏందిరా బిడ్డా’ అన్నదాన్ని ‘ఏమిటి నాయనా’ అని మార్చవద్దు. ఆ మాటలను మార్చాక అవి ఎంత సొగసుగా ఉన్నా ఆమెవి కావు.

కొన్ని విషయాలను వదిలివేయడం కూడా రచనలో భాగమే. ఆమె వేళాకోళం ఎవరినైనా నొప్పించి ఉంటే, ముఖ్యంగా కోడళ్ళ రంగు గురించో పుట్టింటి గురించో అన్న మాటలైతే, ఆ మనిషిని అడిగి, వారు సరేనంటేనే పెట్టండి. చివరి జబ్బు గురించి ఒక పేరా చాలు. ఆసుపత్రి రోజులు మనకు దగ్గరగా ఉన్నాయి కాబట్టి పెద్దవిగా కనబడతాయి, కానీ డెబ్బై ఏళ్ళ జీవితంలో అవి కొద్దిపాటివే. ‘నవ్వుల వెనక ఎంతో దుఃఖం దాచుకుంది’ అన్న వాక్యం రాయాలనిపిస్తుంది. నిజంగా తెలిస్తే తప్ప రాయవద్దు. ఆమెకు చిన్న వయసులో భర్త పోయి ఉంటే, బిడ్డ పోయి ఉంటే, ఆ సంగతిని సంవత్సరంతో సహా సూటిగా చెప్పి, ఆ తర్వాత ఆమె ఇల్లు ఎలా నడిపిందో రాయండి. కొందరి సంతోషం దేనినీ కప్పిపుచ్చడానికి కాదు. అది వారి స్వభావం. ఆ స్వభావాన్ని ఉన్నదున్నట్లు గౌరవించాలి.

చదవడం, అచ్చు వేయించడం

సభలో చదివేటప్పుడు నిమిషానికి సుమారు 100 మాటలు పడతాయి. గొంతు పూడుకుపోతే ఇంకా తగ్గుతాయి. అయిదు నిమిషాలకు 450 మాటలు రాసుకోవడం మంచిది. మొదట ఒక సరదా సంఘటన చదివితే వచ్చినవారికి నవ్వడానికి అనుమతి దొరుకుతుంది. మీరు ఆగిపోతే అక్కడి నుంచి అందుకోవడానికి ఒక మనవరాలి చేతిలో రెండో ప్రతి ఉంచండి.

పుస్తకం వేయిస్తే డెమీ సైజులో, మధ్యలో పిన్ను కొట్టే పద్ధతిలో, నాలుగుతో భాగించబడే పేజీల సంఖ్యతో చేయించుకోండి. చదివేవారిలో పెద్దవారే ఎక్కువ కాబట్టి అక్షరాలు 14 పాయింట్లకు తగ్గకుండా చూడండి. మీరు ఫోనులోనో కంప్యూటరులోనో టైపు చేసినది యూనికోడ్, అంటే ఏ యంత్రంలోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి. అచ్చుకు పేజీలు తయారుచేసే చాలా డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ దానిని అనూ అనే పాత పద్ధతి ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతారు. ఆ మార్పిడిలో ఒత్తులూ సున్నలూ తారుమారవుతాయి కాబట్టి అచ్చుకు ముందు పూర్తిగా మరొకసారి ప్రూఫు చదవండి, మూల ప్రతిని యూనికోడ్‌లోనే భద్రపరచండి. ప్రూఫు చదివేవారిలో ఆమెతో పోట్లాడిన ఆడపడుచు ఒకరుండాలి. పొగడ్త శ్రుతి మించిన చోట ఆమే పట్టుకుంటుంది.

పుస్తకం చివర ఎనిమిది ఖాళీ పేజీలు వదలండి. మొదటి సంవత్సరికానికి అందరూ కలిసినప్పుడు మరిన్ని కథలు వస్తాయి. వాటిని చేత్తో అక్కడే రాయించి, సంతకం, తేదీ పెట్టించండి. ఆ రోజు తద్దినం భోజనాలయ్యాక పిల్లలకు ఆమె నియమాల ప్రకారం ఆడడానికి గవ్వలూ పీటా సిద్ధంగా ఉంచండి. గొంతు రికార్డులూ స్కాన్ చేసిన ఫొటోలూ వేర్వేరు ఊళ్ళలో ఉండే ఇద్దరి దగ్గర విడిగా ఉండాలి, వారిలో ఒకరు మనవల తరంవారై ఉండాలి.